పదగణన సాధనమున ఒక స్వల్పదోషము – దాని సవరణ

ఉపోద్ఘాతము

పాఠపరిష్కరణము, పదసూచీ నిర్మాణము, పద ప్రయోగ గణనము అను మూడును ప్రాచ్య కళాశాలలలో చిరకాలముగా జరుగుచున్న పనులు. పూర్వము ఒక్కొక్క పదమును ఒక్కొక్క చీటిపై వ్రాసి, చీటీలను అకారాది క్రమమున పేర్చి, పెట్టెలలో భద్రపరచెడివారు. నేడు ఆ పనిని టెక్స్ట్ ఎడిటరు చేయుచున్నది. ఎడిటరునకు ఎక్స్‌టెన్షన్ అను అనుబంధ సాధనమును చేర్చినచో పదముల సంఖ్యను, పదముల పట్టికను క్షణకాలమున చూపును. శ్రమ తగ్గినది. కాని చీటీలు వ్రాయునపుడు ప్రతి పదము మన కన్నుల ముందునుండి సాగిపోయెడిది. ఇప్పుడు అట్లు సాగుట లేదు. అందుచే సాధనమున చిన్న దోషమున్నను అది మన దృష్టికి రాకుండ సిద్ధాంతవ్యాసములలోనికి ప్రవేశించుటకు అవకాశము కలదు.

అట్టి దోషమొకటి నా పర్యవేక్షణలోనే జరిగినది. దాని స్వరూపమును, కారణమును, సవరణను సహాధ్యాపకులకు, పరిశోధకులకు నివేదించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. సవరణ ఒక్క పంక్తికి సంబంధించినది. కాని ఆ పంక్తిని అర్థము చేసికొనుటకు వర్ణమునకును లిపిచిహ్నమునకును గల భేదము తెలిసియుండవలెను. ఆ భేదము మన విద్యార్థులకు క్రొత్త కాదు.

సమస్యా స్వరూపము

ఒక పరిశోధక విద్యార్థి తాను స్వీకరించిన గద్యగ్రంథమునకు పదసూచిని సిద్ధము చేయుచు, ఒక అనుబంధ సాధనమును వినియోగించెను. పదముల మొత్తము, భిన్నపదముల సంఖ్య, ఒక్కొక్క పదము యొక్క ఆవృత్తి అను మూడు అంశములను ఆ సాధనము చూపును. ఆ పట్టిక ఆధారముగా అతడు ఒక అధ్యాయమును వ్రాసి నాకిచ్చెను. "ఈ గ్రంథమున ఏకాక్షర పదములు మిక్కిలిగా కలవు, ఇది కవి యొక్క ప్రాచీన భాషాభిమానమునకు నిదర్శనము" అని అందులో ఒక నిర్ణయము కలదు. నిర్ణయము నవీనముగా తోచినది. నేనును దానిని మెచ్చుకొని, అంచున "బాగున్నది" అని వ్రాసి పంపితిని. తప్పు నాది కూడ.

కొన్నాళ్లకు అదే సాధనమును మరియొక పనికై నేను తెరచినపుడు, పదముల పట్టికలో "గ", "డ", "న" అను రూపములు వందల పర్యాయములు కనిపించినవి. ఇవి తెలుగున స్వతంత్ర పదములు కావు. ఒక పుటను చేతితో లెక్కించితిని. సాధనము చూపిన సంఖ్య నా లెక్కకు రెండు రెట్లను మించియుండెను. దోషమెంతటిదో తెలియుటకు ఒక చిన్న వాక్యమును పరిశీలింతము.

"బాలుడు పాఠము చదివెను."

ఇందు పదములు మూడు. సాధనము ఎనిమిది అని చూపినది. దాని పట్టిక ఇట్లున్నది: బ, ల, డ, ప, ఠమ, చద, వ, న. "బాలుడు" అను పదము మూడు ముక్కలుగాను, "పాఠము" రెండు ముక్కలుగాను, "చదివెను" మూడు ముక్కలుగాను విరిగినవి. విరిగిన చోట్లనెల్ల గుణింతపు గుర్తు కలదు. గుర్తులు పూర్తిగా మాయమైనవి. విద్యార్థి కనుగొన్న ఏకాక్షర పదములు కవి వ్రాసినవి కావు, సాధనము విరిచినవి.

ఇచట మరియొక సూక్ష్మాంశము గమనింపదగినది. "కమలము" అను పదమును ఇచ్చినచో సాధనము ఒక్కటే పదమని సరిగా లెక్కించును. ఏలయన గుర్తు పదాంతమున మాత్రమే కలదు. కాని పట్టికలో "కమలమ" అని వ్రాయును. అనగా సంఖ్య సరియైనపుడును రూపము తప్పగుచున్నది. సంఖ్యను మాత్రమే చూచి సాధనము మంచిదని నిర్ణయించువారు ఇచట మోసపోవుదురు.

కారణ విచారణ

యూనికోడ్ సంకేతపద్ధతి యొక్క తొలి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. భారతీయ లిపుల అమరికకు అంతకుముందే వెలసిన ఇస్కీ ప్రమాణము యొక్క 1988 నాటి కూర్పు ఆధారము. ఈ పద్ధతిలో హల్లు అకారసహితముగా ఒక సంకేతము. గుణింతపు గుర్తు వేరొక సంకేతము. పొల్లు వేరొక సంకేతము. "తెలుగు" అను పదము మన కంటికి మూడక్షరములు. యంత్రమునకు అది ఆరు సంకేతములు: త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము.

యూనికోడ్ ప్రతి సంకేతమునకు ఒక వర్గమును నిర్దేశించినది. అచ్చులు, హల్లులు "లెటర్" అను వర్గమున చేరినవి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, అరసున్న, విసర్గ అనునవి "మార్క్" అను వర్గమున చేరినవి. దానిలోను రెండు ఉపవర్గములు కలవు. ఉత్వము, ఊత్వము, ఋత్వము, సున్న, విసర్గ స్థలమును ఆక్రమించు గుర్తులు. తలకట్టు స్థానమున నిలుచు దీర్ఘము, గుడి, ఎత్వము మొదలగునవి స్థలమును ఆక్రమింపని గుర్తులు. మన ప్రస్తుత విషయమునకు ఈ రెండును సమానములే.

సాధనకర్త పదమును గుర్తించుటకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అను నమూనా సూత్రమును వ్రాసెను. దాని అర్థము: "లెటర్ వర్గమునకు చెందిన సంకేతములు ఒకటిగాని, అంతకు మించిగాని వరుసగా ఉన్నచో అది పదము." ఇంగ్లీషునకు ఇది చాలును. ఆ భాష యొక్క సాధారణ పాఠములలో మార్క్ వర్గపు సంకేతములు రావు. తెలుగునందో, గుర్తు ఎదురైన ప్రతిచోటను సూత్రము ఆగిపోవును. పదము ముగిసినదని తలచును. తరువాతి హల్లుతో క్రొత్త పదమును ఆరంభించును.

సాధనకర్తను నిందింపవలసిన పని లేదు. అతడు పూర్వము వ్రాసిన సూత్రము ఇంతకన్న సంకుచితము. జావాస్క్రిప్ట్ భాషయందు పదాక్షరమునకు పరంపరగా వచ్చుచున్న సంక్షిప్త సంకేతము "బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ". అది ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరములు 52, అంకెలు 10, అడుగుగీత 1, వెరసి 63 చిహ్నములను మాత్రమే గుర్తించును. దానితో తెలుగు పాఠమున పదముల సంఖ్య సున్న. యూనికోడ్ వర్గములను పేర్కొనగల సౌకర్యము ఆ భాషకు 2018 నాటి ప్రమాణముతో లభించినది. ఇతర భాషలకును ఉపయోగపడవలెనను సదుద్దేశముతో అతడు లెటర్ వర్గమును స్వీకరించెను. సున్న చూపునపుడు దోషము అందరికిని తెలియును. ఎనిమిది చూపునపుడు తెలియదు. సగము సవరణ ఇట్లు మూలదోషముకన్న ప్రమాదకరమైనది.

పైథాన్ భాషను వాడువారును జాగరూకులై ఉండవలెను. దాని అంతర్నిర్మిత నమూనా సాధనమున "బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ" యూనికోడ్ అక్షరములను గుర్తించును గాని, మార్క్ వర్గమును గుర్తింపదు. అచటను "తెలుగు" అను పదము త, ల, గ అని మూడు ముక్కలగును.

వ్యాకరణ దృష్టి

స్వయముగా ప్రకాశించునది స్వరమని, స్వరము నాశ్రయించి ఉచ్చరింపబడునది వ్యంజనమని మన శాస్త్రము చెప్పుచున్నది. లిపియందు ఈ సంబంధము తలక్రిందులైనది. అచట హల్లు నిలుచును. అచ్చు గుర్తై దానిని ఆశ్రయించును. యూనికోడ్ లిపిని అనుసరించినది, ఉచ్చారణను కాదు. అది దోషము కాదు. లేఖనమును భద్రపరచుటయే దాని ప్రయోజనము. కాని లిపిలో ఆశ్రితముగా ఉన్నదానిని పదమున అప్రధానమని భావించుట దోషము. "బాలుడు" అను పదమునుండి గుర్తులను తీసివేసినచో పోవునవి అలంకారములు కావు, అచ్చులు. డుప్రత్యయపు ఉకారము, అనగా ప్రథమా విభక్తి రూపము యొక్క ఆధారమే పోవుచున్నది. విభక్తులను లెక్కింపదలచిన పరిశోధకునకు ఇది ఎంతటి హానియో చెప్పనక్కరలేదు.

పరిష్కార మార్గముల పరిశీలన

ఈ దోషమును తొలగించుటకు మూడు మార్గములు తోచినవి.

మొదటిది, ఖాళీస్థలమునుబట్టి పదములను విడదీయుట. ఇది సులభము. కాని విరామచిహ్నములు పదములకు అంటుకొనియుండును. "చదివెను" అనునదియు, బిందువుతో కూడిన "చదివెను." అనునదియు పట్టికలో రెండు వేరు పదములగును. శ్లోకపాఠమున ఖాళీ విడిచి దండమును వ్రాసినచో ఆ దండమే ఒక పదముగా లెక్కకు వచ్చును.

రెండవది, తెలుగు స్థానములన్నిటిని, అనగా 0సి00 నుండి 0సి7ఎఫ్ వరకు, పదాక్షరములుగా ప్రకటించుట. మొదట నేను ఈ మార్గమునే అనుసరించితిని. తెలుగు పాఠమున ఫలితము సరిగానే వచ్చినది. కాని మన కళాశాలలలో దేవనాగరి పాఠములు కూడ ఉండును. దేవనాగరికి 0900 నుండి 097ఎఫ్ వరకు అట్లే ప్రకటించినచో క్రొత్త చిక్కు కలుగుచున్నది. ఏకదండము 0964వ స్థానమున, ద్విదండము 0965వ స్థానమున, అనగా ఆ పరిధిలోపలనే కలవు. భారతీయ లిపులలో పెక్కు ఆ దండములనే వాడుకొనవలెనని ఏర్పాటు. కావున దండము అక్షరమై, పాదాంతమందలి పదమునకు అంటుకొనును.

మూడవది, వర్గములనుబట్టియే సూత్రమును పూర్తిచేయుట. దండములు విరామచిహ్నముల వర్గమునకు చెందినవి కావున సహజముగా వెలుపల నిలుచును. అవగ్రహము లెటర్ వర్గమునకు చెందినది కావున సహజముగా లోపల నిలుచును. 2021లో యూనికోడ్ 14వ కూర్పున చేరిన నకారపు పొల్లు కూడ లెటర్ వర్గమునకే చెందినది. ఇకముందు క్రొత్త అక్షరములు చేరినను సూత్రమును మార్చనక్కరలేదు. ఈ మార్గమే గ్రాహ్యము.

సవరణ క్రమము

సవరించిన సూత్రమును మాటలలో ఇట్లు చెప్పవచ్చును: "పదము లెటర్ వర్గపు సంకేతముతోగాని, అంకెతోగాని ఆరంభము కావలెను. పిదప లెటర్, మార్క్, అంకె అను వర్గములకు చెందిన సంకేతములు, 200సి, 200డి స్థానములందలి అదృశ్య సంకేతములు ఎన్నియైనను రావచ్చును."

ఇందు రెండు అంశములు వివరింపదగినవి.

ఆరంభమున మార్క్ వర్గమును ఎందులకు విడిచితిమి? టైపు చేయునపుడు పొరపాటున ఖాళీ తరువాత ఒక గుణింతపు గుర్తు ఒంటరిగా పడుట కలదు. దానిని పదముగా లెక్కింపరాదు. అట్టి అనాథ గుర్తులను వెదకుటకు వేరొక సూత్రమును వ్రాసికొని, పాఠమును దిద్దిన పిదపనే గణనమునకు పూనుకొనుట మేలు.

అదృశ్య సంకేతములు ఏల? "సాఫ్ట్‌వేర్" వంటి పదములలో టకారపు పొల్లు తరువాత వకారము ఒత్తుగా మారకుండుటకు 200సి సంకేతము నడుమ ఉంచబడును. అది అక్షరము కాదు, గుర్తును కాదు. దానిని సూత్రమున చేర్చనిచో ఆ పదము "సాఫ్ట్", "వేర్" అని రెండగును. పాత సూత్రముతోనైతే అయిదు ముక్కలగుచుండెను.

సవరణ చేయువారు మొదట సాధనము యొక్క సంచయమునకు ఒక ప్రతిని తీసి వేరుచోట భద్రపరచుకొనవలెను. సూత్రమున్న పంక్తిని మాత్రమే మార్చి, ఎడిటరును మూసి తిరిగి తెరువవలెను. సూత్రము చివర యూనికోడ్ వ్యవహారమును సూచించు "యు" అను గుర్తు ఉన్నదో లేదో చూచుకొనవలెను. అది లేనిచో జావాస్క్రిప్ట్ వర్గనామములను వర్గములుగా గ్రహింపక విడి ఇంగ్లీషు అక్షరములుగా గ్రహించును. తెలుగు పదముల సంఖ్య మరల సున్నకు వచ్చును. సాధనము యొక్క క్రొత్త కూర్పు వచ్చినపుడు మన సవరణ తుడిచిపెట్టుకొనిపోవును. కావున సవరణను పరీక్షావాక్యములతో సహా సాధనకర్తకు పంపుట ఉత్తమము. నేను అట్లే పంపితిని.

పదసూచికి అవసరమైన మరి మూడు జాగ్రత్తలు

గణనము సరియైనంతమాత్రమున పదసూచి సరికాదు. కంటికి ఒకటిగా కనిపించు పదములు యంత్రమునకు వేరుగా ఉండవచ్చును.

1. ఐత్వము యూనికోడ్‌లో రెండు విధములుగా ఉండవచ్చును. 0సి48 అను ఒకే సంకేతముగా ఉండవచ్చును. 0సి46 అను ఎత్వమును, 0సి56 అను గుర్తును కలిపి రెండు సంకేతములుగను ఉండవచ్చును. ప్రమాణము ఈ రెంటిని సమానములుగా అంగీకరించినది. అయినను మామూలు పోలికలో "తైలము" సూచిలో రెండుచోట్ల కనిపించును. గణనమునకు ముందే పాఠమును నార్మలైజేషన్ అను ఏకరూపీకరణమునకు గురిచేయవలెను. జావాస్క్రిప్ట్, పైథాన్ భాషలు రెంటియందును దానికి సిద్ధమైన సౌకర్యము కలదు.

2. పదాంతమున అదృశ్య సంకేతమున్నచో "మార్క్" వంటి పదము కంటికి ఒకటే అయినను రెండుగా నమోదగును. సూచికొరకు ఏర్పరచు కీలకరూపమునుండి 200సి, 200డి సంకేతములను తొలగింపవలెను. మూలపాఠమును మాత్రము తాకరాదు.

3. అరసున్నతో ముద్రితమైన గ్రంథములలో "రాముఁడు" అనియు, ఆధునిక ముద్రణలలో "రాముడు" అనియు ఉండును. రెండు ముద్రణలను పోల్చునపుడు కీలకరూపమున అరసున్నను విడిచి, ఉదాహరణమున ముద్రితరూపమును యథాతథముగా నిలుపుట యుక్తము. ఒకే ముద్రణలో అరసున్న ప్రయోగమునే పరిశీలించువారు దానిని విడువరాదు. ఇది యంత్రము చేయదగిన నిర్ణయము కాదు, పరిష్కర్త చేయదగినది.

పరీక్ష

ఏ సాధనమునైనను స్వీకరించుటకు ముందు ఈ క్రింది అయిదింటిని అందు ఉంచి చూడవలసినదిగా సూచించుచున్నాను.

1. "బాలుడు పాఠము చదివెను." – పదములు 3 రావలెను. 8 వచ్చినచో గుర్తులు లెక్కకు రాలేదని అర్థము.

2. "కమలము" – సంఖ్య 1 రావలెను. పట్టికలో చివరి ఉత్వము నిలిచియుండవలెను.

3. "శిష్యః పఠతి।" – 2 రావలెను. విసర్గ లోపలను, దండము వెలుపలను ఉండవలెను.

4. "సోఽపి" – 1 రావలెను.

5. "సాఫ్ట్‌వేర్" – 1 రావలెను.

ఈ పరీక్షకు అయిదు నిమిషములు చాలును. సవరించిన సూత్రము ఈ అయిదింటియందును నెగ్గినది.

పరిమితులు

ఈ సవరణతో సాధనము లెక్కించునది ముద్రణలో విడదీయబడిన రూపములను మాత్రమే. సుబంతమును తిఙంతమును పదమని పాణినీయులు నిర్వచించినారు. ఆ పదము ఖాళీస్థలముపై ఆధారపడినది కాదు. తాళపత్ర ప్రతులలో పదవిభాగము చూపకుండ వరుసగా వ్రాయుట వాడుక. ముద్రితగ్రంథములలోను సంధి జరిగినచోట రెండు పదములు ఒకే రూపమై నిలుచును. సంధి విడదీయక చేసిన గణనమును "పదగణనము" అనుటకంటె "ముద్రితరూప గణనము" అనుట న్యాయము. సిద్ధాంతవ్యాసములలో ఈ భేదమును స్పష్టముగా ప్రకటింపవలెను.

యూనికోడ్‌నకు ముందటి ఫాంటు పద్ధతులలో టైపు చేయబడిన పాఠములకు ఈ సూత్రము వర్తింపదు. వానిని ముందుగా యూనికోడ్‌నకు మార్చి, మార్చిన పాఠమును మూలముతో సరిచూచిన పిమ్మటనే గణింపవలెను.

ఉపసంహారము

విద్యార్థి తన అధ్యాయమును తిరిగి వ్రాసెను. ఏకాక్షర పదములను గూర్చిన నిర్ణయమును తొలగించెను. దాని స్థానమున, తాను వాడిన సాధనమేదో, అందు కనిపించిన దోషమేదో, దానిని ఎట్లు సవరించెనో తెలుపు ఒక పుటను చేర్చెను. నేను అంచున వ్రాసిన "బాగున్నది" అను మాటను కొట్టివేసితిని. ఆ అధ్యాయమున నాకు మిక్కిలి నచ్చినది క్రొత్తగా చేరిన ఆ పుటయే.

ఒక ప్రతియందలి పాఠమును స్వీకరించుటకు ముందు మనము ప్రత్యంతరములతో పోల్చుదుము, లేఖకుని అలవాట్లను గుర్తింతుము, స్ఖాలిత్యములను వేరుచేయుదుము. యంత్రసాధనము కూడ ఒక లేఖకుడే. దాని అలవాట్లను తెలిసికొనకుండ అది వ్రాసియిచ్చిన పట్టికను ప్రమాణముగా స్వీకరింపరాదు. ఏ పట్టికనైనను సిద్ధాంతమునకు ఆధారము చేయుటకు ముందు ఒక్క పుటనైనను చేతితో లెక్కించి సరిచూచుకొనుట పరిశోధకులకును, వారి పర్యవేక్షకులకును విధిగా ఉండవలెను.